మూసీ మైల ఎవరిది?

(మూసీ ఒడ్డు బస్తీల వాళ్లూ, మూసీ దిగువ పల్లెల వాళ్లూ కలిసి హైదరాబాద్ పాతబస్తీలో జరుపుకున్న సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. - సం.)

చాదర్‌ఘాట్, పురానాపూల్, జియాగూడ, కాటేదాన్ బస్తీల నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు, ముస్లిం భాయిలకు, ఆపాలకు. పొద్దున్నే బస్సెక్కి ప్రతాప్‌సింగారం, ఏదులాబాద్, పిల్లాయిపల్లి, వలిగొండ దిక్కు నుంచి వచ్చిన కూలి తల్లులకు, యువకులకు జై భీమ్.

ఈ సభకు ఒక అర్థం ఉంది. ఈ హాల్లో ఒక దిక్కు కూసున్నది నగరం మురికి మూసీలో కలిసే కాడ బతికేటోళ్లు. ఇంకో దిక్కు కూసున్నది ఆ మురికి పారే కాడ బతికేటోళ్లు. ఇన్నేండ్లు మనం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దిగువ ఊరోళ్లు "పట్నపోళ్ల పాడు నీళ్లు" అని మనల్ని తిట్టుకున్నరు. పట్నపోళ్లకు దిగువన ఊర్లున్నయన్న సోయే లేదు. మురికి పుట్టించి లాభం మూటగట్టుకున్నోళ్లు మాత్రం ఈ హాల్లో లేరు. వాళ్లు రారు కూడా.

మాలో చాలామందిమి బడిపంతుళ్లం. మా తాతలకు పలక దొరకలేదు. మా ఇండ్లల్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటి తరం మేమే. ఆ చదువు మాకు ఉద్యోగం ఇచ్చింది, నిజమే. కానీ చట్టం పుస్తకం తెరిచి, అందులో మన జనానికి పనికొచ్చే పేజీ ఏదో వెతికి చెప్పకపోతే ఆ చదువు ఎందుకు? ఇయ్యాల అట్లాంటి ఒక పేజీ పట్టుకొని వచ్చినం.

మేం చెప్పేది ఒక్కటే మాట. నీళ్లను చంపడం నేరం. దానికి దొంగతనం మీద, హత్య మీద కట్టినట్టే కేసు కట్టాలి. ఆ కేసులో మొదటి సాక్షి, మొదటి ఫిర్యాదీ మన గ్రామ పంచాయతీ, మన మునిసిపల్ వార్డు కావాలి. వాళ్లు ముందుకు రాకపోతే ముద్దాయి పక్కన నిలబడ్డట్టే లెక్క.

మైల అనే మాట

మైల అనే మాట మనకు కొత్తగాదు. మనల్ని ముట్టుకుంటే మైల అన్నరు. మన నీడ పడితే మైల అన్నరు. మనం చేద వేస్తే బావి మైలపడ్డదన్నరు.

1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకొని చౌదార్ చెరువుకు నడిచి దోసిట నీళ్లు తాగిండు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, కానీ అంటరాని మనిషి ముట్టుకోవద్దు. మనోళ్లు తాగి పోయిన తర్వాత అక్కడి సనాతనులు 108 కుండల నీళ్లు తోడి, ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి, మంత్రాలు చదివి మళ్లా చెరువులో పోసిన్రు. దానికి "శుద్ధి" అని పేరు పెట్టిన్రు. మనిషి దోసిలి మైల, పేడ మూత్రం శుద్ధి!

58 ఏండ్ల తర్వాత మన కారంచేడులో ఏం జరిగింది? 1985 జులైలో మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు కాడ అగ్రకులపోళ్లు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ నీళ్లు పాడుచేసిన్రు. అదేందని అడిగినందుకు కొట్టబోతే ఒక మాదిగ ఆడబిడ్డ బిందె ఎత్తింది. ఆ ఎత్తిన బిందెకు బదులుగా జులై 17న మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపిన్రు, ఆడపిల్లలను చెరిచిన్రు. కారంచేడు అంటే అందరికీ ఊచకోతే గుర్తుంటది. అది మొదలైంది నీళ్ల కాడ, నీళ్లు ఖరాబు చేయడం కాడ అనేది మనం మరువొద్దు.

ఈ రెండు కథల్లో నీతి ఒక్కటే. మనం ముట్టుకుంటే నీళ్లు మైల. వాళ్లు కుడితి కలిపితే నీళ్లకేం గాదు, అడిగినోడిదే తప్పు. అప్పుడు బకెట్టు, ఇప్పుడు కంపెనీ గొట్టం. మూసీ మీద జరుగుతున్నది ఆ పాత కులన్యాయమే.

మూసీలో పారేది ఏంది?

మూసీ వికారాబాద్ కాడ అనంతగిరి గుట్టల్లో పుట్టి, మన పట్నం నడుమ నుంచి పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి కాడ కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరద తర్వాతనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టిన్రు. ఆ రెండు చెరువుల నీళ్లు పట్నం తాగే నీళ్లు కాబట్టి వాటి చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కాలుష్య కంపెనీలు రావొద్దని 1996లో 111 నంబరు జీవో తెచ్చిన్రు. 84 ఊర్లకు అది వర్తించింది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆ కట్టడి కూడా సడలించిన్రు. అంటే పెద్దమనుషులు తాగే నీళ్లకు కాపలా ఒకప్పుడు ఉండె. ఆ రెండు కట్టల కిందికి వచ్చినంక మూసీకి ఏ కాపలా లేదు. మేలు నీళ్లకు ఒక న్యాయం, కింది నీళ్లకు ఒక న్యాయం. ఊరికి, వాడకు ఉన్న తేడానే నదికి కూడా పెట్టిన్రు.

2021లో ప్రభుత్వం 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు కడతామని ప్రకటించింది. అప్పుడు సర్కారు చెప్పిన లెక్క ప్రకారమే పట్నంలో రోజుకు పుట్టే మురుగు 165 కోట్ల లీటర్లు. శుద్ధి అయ్యేది 77 కోట్ల లీటర్లు. సగం కన్నా ఎక్కువ మురుగు నాలాల గుండా సీదా చెరువుల్లోకి, మూసీలోకి పోయింది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలు పాడైనయని జాబితా వేస్తే, హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా మూసీని అందరికన్నా అధ్వాన్నమైన మొదటి వరుసలో రాసింది.

అది మనిషి మురుగు సంగతి. దానికి మందు ఉంది, శుద్ధి కేంద్రం కడితే చాలావరకు పోతది. రసాయనం సంగతి వేరే. పటాన్‌చెరు, బొల్లారం దిక్కు మందుల కంపెనీలు దశాబ్దాల పాటు ఇసుకవాగు, నక్కవాగు ద్వారా మంజీరలోకి విషం వదిలినయి. 1990లోనే ఆ కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లు పరీక్ష చేస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు తేలింది. సుమారు 90 కంపెనీల నీళ్లు చేరే కేంద్రమది. రోజుకు సుమారు 45 కిలోల మందు నీళ్లలో పోతున్నదని వాళ్లు లెక్కగట్టిన్రు. ఇంత మందు నీళ్లలో ఉంటే రోగం తెచ్చే సూక్ష్మజీవులు ఆ మందుకు అలవాటు పడతయి. తర్వాత మన పిల్లకు జ్వరమొచ్చి, కూలి పైసలు పెట్టి ఆ గోలీ కొని వేస్తే అది పనిచేయదు.

ఆ గోస అక్కడి రైతులు మొత్తుకుంటే ఏం చేసిన్రు? విషం పుట్టకుండ ఆపిన్రా? లేదు. 18 కిలోమీటర్ల గొట్టం వేసి, పట్నం మురుగు కాలువలో కలిపి, ఇటు అంబర్‌పేట శుద్ధి కేంద్రం దిక్కు తిప్పిన్రు. అంబర్‌పేట కేంద్రం మనిషి మురుగు కోసం కట్టింది, మందుల కంపెనీల రసాయనం కోసం కట్టింది కాదు. అది దాటితే మూసీయే. ఒక వాగు గోస ఇంకో నదికి బదిలీ అయింది. సర్కారు నౌకరికి ట్రాన్స్‌ఫర్ అయినట్టు విషానికి ట్రాన్స్‌ఫర్ అయింది!

మన పాతబస్తీ దక్షిణం దిక్కు కాటేదాన్ సంగతి చూడండి. అక్కడి మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ లాంటి లోహాలు ఎక్కువున్నయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లోనే పత్రం రాసిన్రు. ఆ మట్టి మీద ఆడుకునేది ఎవరి పిల్లలు? ఆ షెడ్లల్లో పనిచేసేది ఎవరు?

ఇక దిగువకు పోదాం. కత్వల నుంచి, పిల్లాయిపల్లి కాలువ నుంచి పారే నీళ్లు నురుగు కక్కుతయి. ఆ నీళ్లు కట్టిన మడిలో దిగి నాటు వేసేది, కలుపు తీసేది మాల మాదిగ ఆడోళ్లు. భూమి ఉన్నోడు గట్టు మీద నిలబడతడు. మోకాళ్ల దాకా ఆ నీళ్లల్లో ఉండేది మన తల్లులు. దురద, పుండ్లు, గోర్లు పుచ్చిపోవడం వాళ్లకు. బెస్తోళ్ల చేపలు పోయినయి, చాకలోళ్ల రేవు పోయింది. ఒక నది చచ్చిపోతే ఎన్ని కులాల బతుకుదెరువు చచ్చిపోతదో లెక్క వేసుకోండి. ఇది హత్య గాకపోతే ఏంది?

ఎర్ర ఎక్స్ ఎవరి గోడ మీద?

2024 సెప్టెంబరులో మూసీ సుందరీకరణ అని అధికారులు వచ్చిన్రు. మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల్లో ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో "ఆర్.బి. ఎక్స్" అని రాసిన్రు. అక్టోబరులో ఇండ్లు కూల్చుడు మొదలుపెట్టిన్రు. రెక్కలు ముక్కలు చేసుకొని కట్టుకున్న గోడలు ముందల నిలబడి కూలగొట్టించిన్రు. కొందరికి డబుల్ బెడ్రూం ఇండ్లు ఇచ్చిన్రు, నిజమే. ఇల్లు వేరే కాడ ఇస్తే కూలి వేరే కాడ దొరుకుతదా, పిల్లల బడి మారుతదా అని ఎవరు అడిగిన్రు?

నది ఒడ్డున ఇల్లుంటే వరదకు ప్రమాదమే. ఆ మాట మేం కాదనం. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ మునిగినప్పుడు మనమే కండ్లారా చూసినం. శిఖం భూముల్లో ప్లాట్లు కొట్టి అమ్ముకున్నోడు ఎక్కడో ఉన్నడు, కొన్న పేదోడు నీళ్లల్లో తేలిండు. మేం అడిగేది ఇది. నదిని చంపిన నేరానికి ఎర్ర గుర్తు పెట్టాలంటే ముందు ఏడ పెట్టాలి? విషం వదిలే గొట్టం మూతి మీద పెట్టిన్రా? రాత్రిపూట ట్యాంకర్ తెచ్చి నాలాలో రసాయనం ఒంపే కంపెనీ గేటు మీద పెట్టిన్రా? శుద్ధి చేయకుండ మురుగు వదిలిన ఆఫీసు గోడ మీద పెట్టిన్రా? లేదు. పేదోడి గోడ దొరికింది.

లోకం ఒక దిక్కు, మన చట్టం ఇంకో దిక్కు

బయటి లోకంలో ఇప్పుడు ఒక మాట నడుస్తున్నది. దాని పేరు ఎకోసైడ్. జాతిని చంపితే జాతి సంహారం అన్నట్టే, ఒక నేలను, నీళ్లను, గాలిని చంపితే ప్రకృతి సంహారం అన్నమాట. వియత్నాం అడవుల మీద అమెరికా విషమందు చల్లినప్పుడు 1970లో ఆర్థర్ గాల్‌స్టన్ అనే శాస్త్రవేత్త ఈ మాట వాడిండు. 1972లో స్టాక్‌హోం సభలో స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పామె కూడా అన్నడు. వియత్నాం దీన్ని తన శిక్షాస్మృతిలో రాసుకుంది. 2021లో 12 మంది న్యాయనిపుణులు దీనికి నిర్వచనం రాసిన్రు. తీవ్రమైన నష్టం జరుగుతదని, అది విస్తారంగానో చాలాకాలమో ఉంటదని తెలిసి కూడా చేస్తే నేరమని దాని సారాంశం. 2024లో బెల్జియం చట్టం చేసుకుంది. అదే ఏడాది సముద్రంలో మునిగిపోతున్న చిన్న దీవి దేశాలు వనువాటు, ఫిజీ, సమోవా దీన్ని అంతర్జాతీయ నేరాల కోర్టు చట్టంలో చేర్చాలని అడిగినయి. మన దేశం ఆ కోర్టు ఒప్పందంలో చేరనేలేదు.

మన దేశం ఏ దిక్కు నడిచింది? 1986 పర్యావరణ చట్టం కింద తప్పుచేస్తే ఐదేండ్ల దాకా జైలు ఉండేది. ఎవరినీ పెద్దగా వేయలేదనుకోండి, కానీ రాసి ఉండేది. 2023లో జన్ విశ్వాస్ అని ఒక చట్టం చేసి, ఆ జైలును చాలావరకు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టిన్రు. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. 1974 నీటి కాలుష్య చట్టానికి కూడా 2024లో అట్లనే సవరణ తెచ్చిన్రు. అది రాష్ట్రాలు తీర్మానం చేసి ఒప్పుకుంటేనే వర్తిస్తది. కాబట్టి మన ఎమ్మెల్యేలను అడగడానికి మనకు హక్కుంది.

జరిమానా అంటే ఏంది? కోట్ల లాభం వచ్చే కంపెనీకి 15 లక్షలంటే నేరానికి టికెట్టు. బస్సులో టికెట్టు కొన్నట్టు కొనుక్కొని పోతడు. పేదోడు కోడిని దొంగిలిస్తే జైలు. పెద్దోడు నదిని దొంగిలిస్తే రసీదు.

మన పుస్తకంలో ఉన్న పేజీ

ఇప్పుడు మేం తెచ్చిన పేజీ విప్పుతం. కారంచేడు జరిగిన నాలుగేండ్లకు, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అట్రాసిటీ కేసు అంటే తిట్టుడు, కొట్టుడు అనే మనకు తెలుసు. కానీ అందులో ఇంకో నేరం రాసి ఉంది. ఎస్సీలు, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊటను గానీ, చెరువును గానీ, మరే నీటి వనరును గానీ ఎస్సీ, ఎస్టీ కానోళ్లు పాడుచేసి, అది మునుపటి లెక్క పనికిరాకుండ చేస్తే అది అత్యాచారమే. ఆరు నెలలకు తక్కువ కాకుండ, ఐదేండ్ల దాకా జైలు, జరిమానా. ముందస్తు బెయిలు లేదు. డి.ఎస్.పి. స్థాయి అధికారే విచారణ చేయాలి.

2015 సవరణ తర్వాత ఈ నేరం సెక్షన్ 3(1)లో ఏ అక్షరం కింద ఉందో తెలుసా? ఎక్స్! 3(1)(ఎక్స్). వాళ్ల ఎక్స్ మన గోడల మీద ఉంది. మన ఎక్స్ చట్టంలో ఉంది. దాన్ని విషం గొట్టాల మీద రాసే పని మనది.

ఇది గాలిలో మాట కాదు. కేరళలో ప్లాచిమడ అనే ఊరుంది. అక్కడ కోకాకోలా కంపెనీ భూమిలో నీళ్లు తోడి, ఆదివాసీల, దళితుల బావులు పాడుచేసిందని 2002 నుంచి ఆదివాసీ ఆడోళ్లు కంపెనీ గేటు ముందు కూసున్నరు. 2016లో అక్కడి పోలీసులు ఈ అట్రాసిటీ చట్టం కిందనే ఆ కంపెనీ మీద కేసు కట్టిన్రు. కేసు కట్టుడు వేరు, శిక్ష పడుడు వేరు, ఆ సంగతి మనకు కారంచేడు, చుండూరు నేర్పినయి. కానీ నీళ్లను పాడుచేయడం అత్యాచారమని పోలీసు పుస్తకంలో ఎక్కుడు చిన్న విషయం గాదు.

పంచాయతీని నమ్మొచ్చునా?

మీరు అడుగుతరు: పంచాయతీని, మునిసిపాలిటీని నమ్మొచ్చునా? అడగాల్సిందే. రాజ్యాంగ సభలో 1948 నవంబరులో బాబాసాహెబ్ ఊరిని మెచ్చుకునేటోళ్ల నోరు మూయించిండు. ఊరంటే సంకుచితత్వం గుంట అని, ఆ గుంటకు అధికారం ఇవ్వొద్దని ఆయన భయం. ఆ భయం నిజమైన భయం. ఈనాటికీ మన దళిత సర్పంచు సంతకం పెడతడు, రాజ్యం వేరే వాడు చేస్తడు.

మహాడ్ కథలో ఇంకో సగం చెప్తం వినండి. ఆ చెరువు ఊరోళ్ల సొంతం కాదు, మునిసిపాలిటీది. 1924లోనే మహాడ్ మునిసిపాలిటీ చెరువు అందరికీ తెరిచినమని తీర్మానం చేసింది. తీర్మానం మూడేండ్లు కాగితం మీదనే ఉంది. 1927లో బాబాసాహెబ్ దోసిట పట్టినంకనే దానికి ప్రాణం వచ్చింది. అగ్రకులాలు ఒత్తిడి పెడితే అదే మునిసిపాలిటీ ఆగస్టులో తీర్మానం రద్దు చేసుకుంది. కేసు నడిచి నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనోళ్లు గెలిచిన్రు. స్థానిక ప్రభుత్వం అంటే ఇదే. తనంతట తాను కదలదు. మనం కదిలితే కదులుతది, వాళ్లు వెనక్కి లాగితే వెనక్కి పోతది. కానీ దాని తీర్మానం కాగితం కోర్టులో మనకు ఆయుధమైతది.

ప్లాచిమడలో 2000లో కంపెనీకి పర్మిషన్ ఇచ్చింది పెరుమాట్టి పంచాయతీయే. ఆడోళ్లు గేటు ముందు కూసున్నంక, 2003లో లైసెన్సు రెన్యువల్ చేయనన్నది కూడా ఆ పంచాయతీయే. 2004 మార్చిలో కంపెనీ మూతబడింది. 2005లో హైకోర్టు బెంచి కంపెనీ దిక్కే మాట్లాడినా అది మళ్లా తెరుచుకోలేదు. నష్టం 216 కోట్లని 2010లో కేరళ ప్రభుత్వ కమిటీయే లెక్కగట్టింది. ఒడిశాలో నియమగిరి కొండను బాక్సైట్ కోసం తవ్వుతామంటే, సుప్రీంకోర్టు ఆజ్ఞతో 2013లో 12 గ్రామసభలు పెట్టిన్రు. 12కు 12 వద్దన్నయి. కొండ నిలిచింది.

రాజ్యాంగం 73, 74 సవరణలు 1993లో అమలులోకి వచ్చినయి. పన్నెండో షెడ్యూలులో పర్యావరణ రక్షణ మునిసిపాలిటీ పనుల్లో ఒకటిగా రాసి ఉంది. పదకొండో షెడ్యూలులో మంచినీళ్లు, చిన్న నీటి వనరులు పంచాయతీ పనులు. పని ఇచ్చిన్రు, బలం ఇయ్యలేదు. 2014లో తెలంగాణలో పరిశ్రమలకు ఒకే కిటికీ చట్టం వచ్చింది. గడువులో పర్మిషన్లన్నీ అక్కడ్నే ఇస్తరు. ఆ కిటికీ రాజధానిలో ఉంది, మన పంచాయతీ ఆఫీసులో లేదు. కంపెనీ వచ్చేటప్పుడు మనల్ని అడగరు. విషం వచ్చినంక మాత్రం అది మన ఊరి సమస్య!

ఇంకో మాట కూడా దాపరికం లేకుండ చెప్పాలి. మూసీ విషయంలో పట్నం స్థానిక సంస్థలు కాపలాదార్లే కాదు, ముద్దాయిలు కూడా. మురుగు వదిలింది వాళ్ల నాలాల నుంచే. అందుకని కింది పంచాయతీ పై మునిసిపాలిటీ మీద ఫిర్యాదు చేయగలగాలి. చేయొచ్చు కూడా. 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో స్థానిక సంస్థ స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చని రాసి ఉంది. ఒక పిల్లాయిపల్లి మహా నగరం మీద కేసు వేయొచ్చు! 2022లో చెత్త, మురుగు శుద్ధి చేయనందుకు ఇదే ట్రిబ్యునల్ తెలంగాణ ప్రభుత్వం మీద సుమారు 3,800 కోట్లు వేసింది. ఆ లెక్క ఏమైందని అడిగే గొంతు దిగువ ఊర్ల గ్రామసభలదే కావాలి.

ఏం చెయ్యాలి?

ఉపన్యాసాలు విని ఇంటికి పోతే లాభం లేదు. పని పంచుకుందాం.

ఒకటి. నీళ్ల పుస్తకం. మన చట్టంలో రెండు మాటలు ముఖ్యం: మనోళ్లు "మామూలుగా వాడుకునే" నీళ్లు, "మునుపటి కన్నా పాడైన" నీళ్లు. ఈ రెండూ కోర్టులో రుజువు చేయాలి. అందుకని ప్రతి పంచాయతీలో, ప్రతి వార్డులో ఒక రిజిస్టరు పెట్టించాలి. ఎస్సీ వాడలో ఏ బోరు, ఏ బావి, ఏ కుంట ఎవరు వాడుతరు, దేనికి వాడుతరు రాయాలి. నీళ్ల రంగు, వాసన, నురుగు, చచ్చిన చేపలు, చచ్చిన గొడ్లు తేదీతో సహా రాయాలి. జల్ జీవన్ మిషన్ కిట్లు పంచాయతీ నుంచి అడిగి తీసుకొని, మన ఆడబిడ్డలు ఆరు నెలలకోసారి నీళ్లు పరీక్ష చేయాలి. ఆ లెక్క బడిపిల్లలకు అర్థమయ్యేట్టు రాసే బాధ్యత మా పంతుళ్లది.

రెండు. తీర్మానం. గ్రామసభలో, వార్డు సభలో ఇట్ల రాయించాలి: "మా నీళ్లను పాడుచేయడం నేరంగా ఈ సభ భావిస్తున్నది. కేసు నమోదు చేయాలని కోరుతున్నది." వట్టి "చర్యలు తీసుకోగలరు" అని రాస్తే ఒప్పుకోవద్దు. తీర్మానం నకలు తీసుకోవాలి. కార్పొరేటరు ఉన్నా, స్పెషల్ ఆఫీసరు ఉన్నా, ఫిర్యాదు ఇచ్చి రసీదు నంబరు తీసుకోనిదే ఆఫీసు మెట్లు దిగొద్దు.

మూడు. దళిత సర్పంచుకు, వార్డు మెంబరుకు అండ. "తీర్మానం చేస్తే నీ సంగతి చూస్తం" అని ఎవడన్నా బెదిరిస్తే, అది కూడా అట్రాసిటీయే. సెక్షన్ 3(1)(ఎం): పంచాయతీలో, మునిసిపాలిటీలో పదవిలో ఉన్న ఎస్సీ, ఎస్టీని బెదిరించి వాళ్ల పని చేయనీయకపోతే నేరం. ఈ సంగతి మన సర్పంచులకే తెల్వదు. పోయి చెప్పండి.

నాలుగు. పోలీసు స్టేషన్. రిజిస్టరు, తీర్మానం పట్టుకొని గుంపుగా పోవాలి. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే చాలదు, దాన్ని నడిపే మనిషి ఎవరో కూడా ఫిర్యాదులో రాయాలి. ఎఫ్.ఐ.ఆర్. కట్టకపోతే జిల్లా కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూసోవాల్సిన అట్రాసిటీ విజిలెన్స్ కమిటీలో అడగాలి.

ఐదు. హరిత ట్రిబ్యునల్. అక్కడికి పోవడానికి ఆరు నెలల గడువు, నష్టపరిహారానికి ఐదేండ్ల గడువు. తేదీ రాసి పెట్టుకోకపోతే గడువు దాటినట్టే తెల్వదు. అందుకే ముందుగాల పుస్తకం అన్నం.

"కంపెనీ పోతే కూలి పోతది" అని మనల్ని మనతోనే కొట్లాడబెడతరు. కాటేదాన్ షెడ్లల్లో ఉన్నది మన తమ్ముళ్లే, ముస్లిం పేదలే. వాళ్ల కడుపు కొట్టాలని మేం అనం. విషం ముందు తాకేది వాళ్లకే. కంపెనీ లోపల కూలోడి ఊపిరితిత్తులు, కంపెనీ బయట కుంట నీళ్లు, రెండూ ఒకే నేరంలో సాక్ష్యాలు. శుద్ధి చేసే యంత్రం పెట్టుమంటే నష్టమొస్తదనేటోడు, ఇన్నాళ్లూ ఆ లాభం మన నీళ్ల నుంచే తీసిండని ఒప్పుకున్నట్టే.

చివరగా. ఈ గడ్డ మీద 1906 నుంచే భాగ్యరెడ్డి వర్మ మాల మాదిగలను కూడగట్టిండు. బి. శ్యామ్‌సుందర్ దళితులు, ముస్లింలు ఒక్కటి కావాలని చెప్పిండు. మూసీకి అటు ఇటు, ఎగువ దిగువ, అదే పని మిగిలి ఉంది. పట్నం బస్తీలో ఇల్లు కూలితే దిగువ పల్లె పలకాలి. దిగువ పల్లెలో చేప చస్తే పట్నం బస్తీ పలకాలి. వచ్చే గ్రామసభకు, వచ్చే వార్డు సభకు ఆ తీర్మానం కాగితం చేతపట్టుకొని పోదాం.

మనల్ని మైల అన్నోళ్లను ఇక మనం అడుగుదాం: మూసీ మైల ఎవరిది?

నీళ్లను చంపడం నేరం! నేరస్తునికి జైలు, బాధితులకు పరిహారం!
ఎగువ దిగువ జనం ఐక్యత వర్ధిల్లాలి!
జై భీమ్!